విధాన రేటు పెరిగింది, ఓవర్‌నైట్ రేటు కదలలేదు: ఒక కేంద్ర బ్యాంకు కేసు

ఈ కేసు ఒక చిన్న వర్ధమాన దేశపు కేంద్ర బ్యాంకుది. నేను అక్కడ ద్రవ్య కార్యకలాపాల విభాగానికి సలహాదారుగా ఏడాదిన్నర పనిచేశాను. దేశం పేరు, కాలం, అధికారుల హోదాలు రాయడం లేదు. గుర్తుపట్టే వీలు లేకుండా అంకెలను కొంత సవరించాను. ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అన్న క్రమాన్ని మాత్రం మార్చలేదు. ఈ కేసులో విషయమంతా ఆ క్రమంలోనే ఉంది.

నన్ను పిలిచిన ఉత్తరంలో ఒకటే ప్రశ్న: "విధాన రేటును ఇంకెంత పెంచాలి?" విధాన రేటు అంటే కేంద్ర బ్యాంకు ప్రకటించే వడ్డీ రేటు. ఆ తరువాత వేరే చోట్లా ఇదే ప్రశ్న విన్నాను. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

నేపథ్యం

ఇంధనమంతా దిగుమతి. తిండిగింజల్లోనూ పెద్ద భాగం బయటి నుంచే వస్తుంది. వినియోగదారుల ధరల సూచీలో ఆహారం వాటా దాదాపు సగం. భారతదేశంలో 2012 ఆధార సంవత్సరపు సూచీలో ఆహార, పానీయాల వాటా 45.86 శాతం. అమెరికా సూచీలో ఆహారానిది ఏడో వంతుకు అటూ ఇటూ. వడ్డీ రేటు వానలు కురిపించలేదు, చమురు తవ్వలేదు. సూచీలో సగం దాని చేతికి నేరుగా అందదు. వర్ధమాన దేశాల్లో ఈ పని చేసేవారందరూ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బ్యాంకులు కొద్దిపాటి పెద్ద సంస్థలకే అప్పులిస్తాయి. జనాభాలో ఎక్కువ మందికి నగదే లోకం. డిపాజిట్లలో మూడో వంతు విదేశీ కరెన్సీలో ఉంది. మారకం రేటు పేరుకు స్వేచ్ఛగా కదులుతుంది, నిజానికి కేంద్ర బ్యాంకు రోజూ డాలర్లు అమ్మి దాన్ని నిలబెడుతోంది. ఖజానాకు కేంద్ర బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ ఉంది, అంటే ఖాతాలో డబ్బు లేకున్నా అప్పుగా వాడుకోవచ్చు. చట్టంలో దానికి పరిమితి ఉన్నా, ఏటా ఏదో ఒక ప్రత్యేక అనుమతితో దాన్ని దాటుతూ వచ్చారు.

సమస్య

ఏడాదిలో ద్రవ్యోల్బణం 8 శాతం నుంచి 17 శాతానికి చేరింది. మొదట చమురు, ఆ వెంటనే పంట దెబ్బ, ఆపైన రవాణా చార్జీలు, జీతాల ఒప్పందాలు. ఈ మధ్యలో విధాన రేటును మూడు విడతల్లో 9 నుంచి 13 శాతానికి పెంచారు. ధరలు లెక్కచేయలేదు.

బ్యాంకు లోపల రెండు వర్గాలు ఉన్నాయి. "ఇది సరఫరా వైపు నుంచి వచ్చిన ద్రవ్యోల్బణం, రేటుతో తగ్గదు" అని ఒక వర్గం. "రేటు చాలలేదు, 20 దాకా తీసుకెళ్లాలి" అని మరొకటి. రెండింటికీ ఆధారాలున్నాయి. 2022లో ఘనా కేంద్ర బ్యాంకు రేటును 14.5 నుంచి 27 శాతానికి పెంచినా, ఆ డిసెంబరులో ద్రవ్యోల్బణం 54.1 శాతానికి చేరిందని మొదటివారు గుర్తుచేశారు. 2011లో ఉగాండా రేటును జులైలో 13 శాతంతో మొదలుపెట్టి నవంబరుకు 23కు తీసుకెళ్లిందని, 30 శాతానికి చేరిన ద్రవ్యోల్బణం మరుసటి ఏడాది చివరికి ఒక అంకెలోకి దిగిందని రెండోవారు చూపించారు. ఒకే మందు, రెండు ఫలితాలు. ఘనాలో ఆ ఏడాది కేంద్ర బ్యాంకు ప్రభుత్వానికిచ్చిన అప్పు కూడా భారీగా పెరిగిందన్న సంగతిని రెండు వర్గాలూ ప్రస్తావించలేదు.

మూడో వాదన ఆర్థిక శాఖది. వడ్డీ పెరిగితే ఉత్పత్తి ఖర్చు పెరుగుతుంది, కాబట్టి ధర పెరుగుతుందని. ఈ వాదనను చివరి దాకా నడిపి చూసిన దేశం టర్కీ. 2021 సెప్టెంబరులో 19 శాతంగా ఉన్న రేటును డిసెంబరుకు 14కు దించారు. 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 85.5 శాతం తాకింది. చివరకు 2024 మార్చిలో రేటును 50 శాతానికి ఎక్కించాల్సి వచ్చింది. అయితే ఆర్థిక శాఖ వాదనలో ఒక నిజమైన భయం దాగి ఉంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

మొదటి వారం: ఒక కాగితం

రేటు ఎంత అన్నదానికి ముందు, అది ఎవరికి తగులుతోందో చూడాలనుకున్నాను. ద్రవ్య విధానం పనిచేయడంలో మొదటి మెట్టు చాలా చిన్నది: కేంద్ర బ్యాంకు ప్రకటించిన రేటు దగ్గరే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి అప్పిచ్చుకోవాలి. ఆ అప్పుల వడ్డీనే ఓవర్‌నైట్ రేటు అంటాం. అక్కడి నుంచే ట్రెజరీ బిల్లుల (ప్రభుత్వం కొద్దికాలానికి తీసుకునే అప్పు పత్రాల) రేటు, అప్పుల రేటు, మారకం రేటు, చివరకు ధర. మొదటి మెట్టు విరిగితే పై మెట్లన్నీ గాలిలో ఉన్నట్టే.

డీలింగ్ గదిలో ప్రతి ఉదయం ఒక కాగితం తయారవుతుంది. ఆ రోజు దాని మీద నాలుగు వరుసలు. విధాన రేటు 13. ఓవర్‌నైట్ రేటు 5.5. బ్యాంకులు కేంద్ర బ్యాంకులో వడ్డీ లేకుండా ఉంచిన అదనపు నిల్వ ఒక పెద్ద అంకె. నాలుగోది ఖజానా ఓవర్‌డ్రాఫ్ట్. దాన్ని మాత్రం అచ్చులో కాక పెన్సిల్‌తో రాశారు. ఎందుకని అడిగాను. అక్కడ పదిహేనేళ్లుగా పనిచేస్తున్న అధికారిణి నెమ్మదిగా చెప్పారు: "అది సాయంత్రానికి మారిపోతుందండీ. నెలాఖరులో అయితే రెండు మూడు సార్లు చెరిపి రాస్తాం."

ఆ పెన్సిల్ అంకె నాకు దారి చూపింది.

17 శాతం ద్రవ్యోల్బణంలో 13 శాతం వడ్డీ అంటే నిజ వడ్డీ మైనస్ 4. అదే మెతక. కానీ పెద్ద బ్యాంకులకు డబ్బు దొరుకుతున్న అసలు రేటు 5.5. అంటే నిజ వడ్డీ మైనస్ 11.5. ఇంత చవకగా స్థానిక కరెన్సీ దొరికితే ఎవరైనా ఏం చేస్తారు? తీసుకుని డాలర్లు కొంటారు. మూడు విడతల పెంపు పత్రికల్లో వచ్చింది, బ్యాంకుల ఖాతాల్లోకి రాలేదు. 13 శాతానికి అప్పు అడిగే బ్యాంకే లేనప్పుడు దాన్ని 20 చేసినా ఒరిగేదేమీ లేదు.

రెండేళ్ల రోజువారీ లెక్కలు తీసి మూడు గీతలు గీశాం: ఓవర్‌డ్రాఫ్ట్, అదనపు నిల్వ, డాలర్లకు గిరాకీ. నెలాఖరు జీతాలకు ఓవర్‌డ్రాఫ్ట్ ఎగబాకుతుంది. మూడు రోజుల్లో ఆ డబ్బు బ్యాంకుల్లో తేలుతుంది. పదిరోజుల్లో డాలర్ల కోసం వరుస కడతారు. కేంద్ర బ్యాంకు డాలర్లు అమ్మి స్థానిక కరెన్సీని వెనక్కి పీల్చుకుంటుంది. మళ్లీ నెలాఖరు వస్తుంది.

ఇది కాకతాళీయమేమో, నెలాఖరులో దిగుమతిదారుల చెల్లింపులే ఎక్కువేమో అన్న అనుమానం ఉంది. ఒక ఆధారం దొరికింది. ఆ రెండేళ్లలో రెండు నెలలు పాలనాపరమైన చిక్కుల వల్ల జీతాలు పన్నెండు రోజులు ఆలస్యమయ్యాయి. డాలర్ల వరుస కూడా సరిగ్గా అన్ని రోజులే వెనక్కి జరిగింది. ఆ గ్రాఫు చూశాక సరఫరా వర్గం వారు కూడా వాదన ఆపి కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

చమురు, పంట నిజం కాదని నేను అనలేదు. 8 నుంచి 12 దాకా ఎక్కించింది అవే కావచ్చు. అయితే ఒకసారి పెరిగిన చమురు ధర సూచీని ఒకసారి పైకి నెడుతుంది, ఏడాది తిరిగాక ఆ ప్రభావం లెక్కలోంచి జారిపోతుంది. ఇక్కడ జారిపోలేదు. చవక డబ్బు మారకం రేటును జారుస్తూ ఉంటే, దిగుమతి ధర నెలనెలా పెరుగుతూనే వచ్చింది. దాన్ని చూసి జీతాలు, చార్జీలు ముందుగానే పెంచుకున్నారు.

నా సలహా, నా తప్పు

బ్యాంకుల్లో తేలుతున్న డబ్బును తీయాలి. ఎలా? కేంద్ర బ్యాంకు దగ్గర అమ్మడానికి ప్రభుత్వ బాండ్లు లేవు. సొంత బిల్లులు జారీ చేయాలంటే వడ్డీ కట్టాలి, బోర్డు ఒప్పుకోవాలి. అందుకని నగదు నిల్వల నిష్పత్తిని, అంటే బ్యాంకులు కేంద్ర బ్యాంకు దగ్గర తప్పనిసరిగా ఉంచాల్సిన భాగాన్ని, డిపాజిట్లలో 5 శాతం నుంచి 8 శాతానికి పెంచమన్నాను. ఖర్చు లేదు, ఒక్క సర్క్యులర్ చాలు, లెక్కకు అదనపు నిల్వంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాగితం మీద పొందికగా ఉంది.

అమలైన రెండో వారానికే చిన్న బ్యాంకుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నేను మొత్తం చూశాను, పంపకం చూడలేదు. అదనపు నిల్వలో మూడింట రెండు వంతులు రెండు పెద్ద బ్యాంకుల్లో ఉంది, ప్రభుత్వ శాఖల ఖాతాలన్నీ వాటిలోనే కాబట్టి. వాటికి 3 శాతం పెంపు చీమకుట్టినట్టయినా లేదు. చిన్న బ్యాంకులు మాత్రం ఎండిపోయాయి. పెద్దవి చిన్నవాటికి అప్పివ్వవు, నమ్మకం లేదు, తాకట్టు పెట్టుకునే ఏర్పాటూ లేదు. ఓవర్‌నైట్ మార్కెట్ రెండు ముక్కలైంది: ఒకచోట 6 శాతం, ఇంకోచోట 19 శాతం. చిన్న బ్యాంకులు చిన్న వ్యాపారులకు అప్పులు ఆపేశాయి. డాలర్లు కొంటున్నవాళ్లు పెద్ద బ్యాంకుల ఖాతాదారులు. వాళ్లు కొంటూనే ఉన్నారు.

ఆ త్రైమాసికంలో బ్యాంకు జరిపే రుణ సర్వేలో ఒక చిన్న యంత్ర భాగాల కార్ఖానా నుంచి వచ్చిన ఫారం నా దగ్గరకు వచ్చింది. "ఈ మూడు నెలల్లో అప్పు కోరారా?" అన్న చోట "లేదు" అని గుర్తు పెట్టి, కారణం రాయమన్న ఖాళీలో "ఇవ్వరని మేనేజరు ముందే చెప్పారు, ఇద్దరిని పనిలోంచి తీశాను" అని రాశారు. ద్రవ్యోల్బణాన్ని తగ్గించేటప్పుడు ఎవరికో కష్టం తప్పదని మేము తేలిగ్గా మాట్లాడుతుంటాం. ఇక్కడ ఆ కష్టం ఫలితమేదీ లేకుండానే వాళ్ల మీద పడింది. నా సలహా వల్ల పడింది. ఏడు వారాలకు ఆ పెంపును వెనక్కి తీసుకోమని నేనే నోట్ రాశాను.

కుదిరిన దారి

ఈసారి మూల కారణం నుంచి మొదలుపెట్టాం. కుళాయి తెరిచి ఉండగా నేల తుడవలేం.

ఆర్థిక శాఖతో ఓవర్‌డ్రాఫ్ట్ గురించి మాట్లాడాలి. అప్పటికి ఆ రెండు సంస్థల మధ్య ఉత్తరాలే తప్ప మాటలు లేవు. మేము భారతదేశపు అనుభవాన్ని ముందు పెట్టాం. అక్కడ 1955 నుంచి కేంద్ర ప్రభుత్వ ఖాతాలో నిల్వ తగ్గినప్పుడల్లా అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల ద్వారా రిజర్వు బ్యాంకు దానంతటదే భర్తీ చేసేది. 1994 సెప్టెంబరులో కుదిరిన ఒప్పందంతో ఏటేటా పరిమితి తగ్గించుకుంటూ వచ్చి, 1997 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతిని పూర్తిగా ఎత్తేశారు. దాని స్థానంలో పరిమితితో, వడ్డీతో కూడిన తాత్కాలిక అప్పులు, వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సులు, వచ్చాయి. ఒక్కరోజులో కోసేయకుండా మూడేళ్లు తీసుకున్నారన్న సంగతి ఆర్థిక శాఖ అధికారులకు నచ్చింది.

వారి అసలు భయం అప్పుడు బయటపడింది. ప్రభుత్వ అప్పులో ఎక్కువ భాగం 91 రోజుల బిల్లులు. రేటు పెంచిన మూడు నెలల్లో వడ్డీ భారమంతా పెరుగుతుంది, లోటు పెరుగుతుంది, ఆ లోటుకు మళ్లీ ఓవర్‌డ్రాఫ్టే దిక్కు. ఆర్థికవేత్తలు థామస్ సార్జెంట్, నీల్ వాలెస్ 1981లోనే ఈ లెక్క చూపించారు: ఖజానా తన దారి మార్చుకోకపోతే కేంద్ర బ్యాంకు నేటి బిగింపు రేపటి ద్రవ్యోల్బణంగా తిరిగొస్తుంది. "వడ్డీ పెంచితే ధరలు పెరుగుతాయి" అన్న వారి మాటను నేను మొదట కొట్టిపారేశాను. వారు చెప్పదలచుకున్నది ఇదని అర్థం చేసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ముందే కూర్చుని వినాల్సింది.

ఒప్పందం ఇలా కుదిరింది. ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి ప్రతి త్రైమాసికానికీ తగ్గుతుంది. బిల్లుల వేలంలో మార్కెట్ చెప్పిన రేటుకు కోత పెట్టరు. బిల్లుల కాలవ్యవధిని మెల్లగా 364 రోజుల వైపు జరుపుతారు. ప్రతి సోమవారం రాబోయే నాలుగు వారాల రాబడి, ఖర్చుల అంచనా మా గదికి వస్తుంది. ఈ చివరిది చూడ్డానికి చిన్నది. కానీ ఎప్పుడు ఎంత డబ్బు వచ్చి పడుతుందో తెలియకుండా ఓవర్‌నైట్ రేటును ఏ కేంద్ర బ్యాంకూ పట్టి ఉంచలేదు.

ఇక అప్పటికే తేలుతున్న డబ్బు. బాండ్లు తాకట్టు పెట్టి బ్యాంకుల డబ్బును తీసుకునే పద్ధతి రివర్స్ రెపో. తాకట్టు బాండ్లు లేనందున అది కుదరదు. తాకట్టు అక్కర్లేని డిపాజిట్ సదుపాయం తెరవాలని ప్రతిపాదించాం: ఏ బ్యాంకైనా, ఎంతైనా, విధాన రేటుకు ఒక శాతం తక్కువకు మా దగ్గర రాత్రికి ఉంచుకోవచ్చు. భారత రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో తెచ్చిన స్టాండింగ్ డిపాజిట్ ఫెసిలిటీ ఇదే తరహాది. దీనివల్ల పెద్ద బ్యాంకు తన డబ్బును 12 శాతం కంటే తక్కువకు ఎవరికీ ఇవ్వదు. చిన్న బ్యాంకుకు ఇటువైపు ద్వారం కూడా తెరిచాం: ట్రెజరీ బిల్లు తాకట్టుతో 14 శాతానికి అప్పు. నగదు నిల్వల నిష్పత్తి అందరి మీదా ఒకే బరువు వేసింది. ఇది ఎవరి దగ్గర ఎంత ఉందో దాన్నిబట్టి పనిచేస్తుంది.

బోర్డులో అభ్యంతరం వచ్చింది. ఇన్నాళ్లూ ఉచితంగా ఉన్న నిల్వకు 12 శాతం కట్టాలా, కేంద్ర బ్యాంకు నష్టాల్లోకి వెళ్లదా? వెళ్తుంది, రెండేళ్లపాటు. ఆ అంకెను దాచకుండా ముందే చూపించాం. డాలర్ రిజర్వులు కరిగించి మారకం రేటు కాపాడటానికి ఆ ఏడాది అయిన ఖర్చును పక్కన పెట్టి చూపించాక బోర్డు ఒప్పుకుంది.

మారకం రేటును ఎప్పుడు వదలాలన్న దాని మీద గవర్నరుకూ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. చవక డబ్బు తేలుతుండగా వదిలితే కుప్పకూలుతుంది, కాబట్టి డబ్బు పీల్చుకోవడం ముందు, వదలడం తరువాత. ఇంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. నేను ఒక త్రైమాసికం ఆగమన్నాను. ఓవర్‌నైట్ రేటు 11 దాటిన ఆరో వారంలోనే ఆయన రోజువారీ అమ్మకాలు ఆపించారు. నాలుగు రోజుల్లో కరెన్సీ 9 శాతం పడింది. ఆ నాలుగు రాత్రులు నాకు నిద్ర లేదు. అయిదో రోజు నిలబడింది, నెల తిరిగేసరికి సగం కోలుకుంది. డాలర్లు పట్టుకుని కూర్చోవడానికి ఇప్పుడు ఏడాదికి 12 శాతం లెక్కన ఖర్చవుతోంది మరి. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఆ రిజర్వులూ పోయేవి. ఆయన నిర్ణయం సరైనది.

విధాన రేటును ఆ తరువాత ఒకే ఒక్కసారి, 14.5 శాతానికి పెంచాం. 20 ఎవరికీ గుర్తు రాలేదు.

ఫలితం, దాని హద్దులు

ఓవర్‌నైట్ రేటు రెండు నెలల్లో కారిడార్‌లోకి, అంటే మా డిపాజిట్ రేటుకూ అప్పు రేటుకూ మధ్యకు, వచ్చింది. ఆహారం, ఇంధనం మినహాయించిన మూల ద్రవ్యోల్బణం మూడు త్రైమాసికాలకు తిరుగుముఖం పట్టింది, ఏడాదికి 14 నుంచి 8 శాతానికి దిగింది. మొత్తం ద్రవ్యోల్బణం 9 శాతానికి వచ్చింది. అందులో మంచి పంట వాటా పెద్దదే. కేంద్ర బ్యాంకు ప్రకటనలో ఆ మాట కూడా రాయాలని పట్టుబట్టాం. పంట బాగున్న ఏడాది ఘనత మనదే అని చెప్పుకుంటే, పంట పోయిన ఏడాది నింద కూడా మనదే అవుతుంది. మా పని ఎంతో తెలుసుకోవడానికి నేను చూసినవి ఇంటి అద్దెలు, మరమ్మతుల కూలి, ట్యూషన్ ఫీజులు. వాటికి చమురుతో, పంటతో నేరుగా పనిలేదు. అవి రెండో ఏడాది మొదట్లో నెమ్మదించాయి. తరువాతి జీతాల ఒప్పందంలో అడిగిన పెంపు కూడా అంతకు ముందు ఏడాదికంటే తక్కువ.

ఇలాంటి చోట మళ్లీ పిలిస్తే విధాన రేటును కాక, దానికీ ఓవర్‌నైట్ రేటుకూ మధ్య ఉన్న దూరాన్ని ముందు అడుగుతాను. మొత్తం నిల్వను అడిగిన రోజే అది ఏయే బ్యాంకుల్లో ఉందో కూడా అడుగుతాను. ఆర్థిక శాఖ వారిని మొదటి వారంలోనే కలుస్తాను. "సరఫరా వల్ల వచ్చింది కాబట్టి ద్రవ్య విధానానికి పనిలేదు" అన్న మాటను మాత్రం ఎంత మర్యాదగా చెప్పినా ఒప్పుకోను. మొదటి దెబ్బ సరఫరాది కావచ్చు, అది జీతాల్లోకి, చార్జీల్లోకి, మారకం రేటులోకి పాకకుండా చూసే పని కేంద్ర బ్యాంకుదే. నగదు తప్ప మరో ఆస్తి లేనివారి జేబు కోసం ఆ పని చేయాలి. డాలర్లు కొనగలిగినవారు ఎలాగూ తమను తాము కాపాడుకుంటారు.

ఒకటి మాత్రం కదలలేదు. ద్రవ్యోల్బణం సగానికి దగ్గరగా దిగినా, డిపాజిట్లలో విదేశీ కరెన్సీ వాటా మూడో వంతు దగ్గరే ఆగిపోయింది. ఒకసారి పొదుపు కరిగిపోవడం చూసినవారు ఏడాది మంచి అంకెలకు నమ్మరు. ఇతర దేశాల్లోనూ ఈ వాటా పెరిగినంత వేగంగా తగ్గదు. నేను వచ్చేసిన నాటికి ఉదయం కాగితం మీద ఓవర్‌డ్రాఫ్ట్ అంకెను అచ్చులోనే వేస్తున్నారు. దాని కింద అయిదో వరుసగా ఈ విదేశీ డిపాజిట్ల వాటాను చేర్చమని అడిగాను. మొదటి రోజు అక్కడ పడిన అంకె 33.1.